ఫావిస్టు పద్ధతిలో మీ ఇంటి కిటికీ బొమ్మ వేయడం ఎలా?

“చెట్టుకు ఎరుపు వేశాను, ఆకాశానికి నారింజ వేశాను, మొహానికి ఆకుపచ్చ కూడా వేశాను. అయినా ఫావిస్టు బొమ్మలా లేదు, హోలీ ఆడిన మర్నాటి గోడలా ఉంది. ఎక్కడ తప్పింది?” కొంచెం అటూఇటూగా ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. (ఫావిస్టు బొమ్మ అంటే వస్తువుల అసలు రంగుల్ని పక్కన పెట్టి గాఢమైన రంగులతో వేసే బొమ్మ.) ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, ఒక బొమ్మను మొదటి నుంచి చివరి దాకా ఎలా వేయాలో ఇక్కడ రాస్తున్నాను. మీకు డ్రాయింగ్ పెద్దగా రాకపోయినా ఫర్వాలేదు. నిలువు గీత, అడ్డ గీత గీయగలిగితే ఈ బొమ్మకు చాలు.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1905 వేసవిలో ఆన్రీ మతీస్, ఆంద్రే డెరైన్ అనే ఇద్దరు ఫ్రెంచి చిత్రకారులు స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కొలియూర్ అనే చేపలరేవులో మకాం పెట్టి బొమ్మలు వేశారు. ఆ ఏడు అక్టోబరులో పారిస్‌లో జరిగిన సలోన్ దోతోమ్న్ ప్రదర్శనలో వాళ్లవీ వాళ్ల స్నేహితులవీ బొమ్మలు చూసిన లూయీ వోసెల్ అనే విమర్శకుడు ‘ఫావ్‌లు’ అన్నాడు, అంటే అడవి మృగాలని. ఆ వెక్కిరింపే పేరుగా నిలిచిపోయింది. (ఫ్రెంచివాళ్ల నోట అది ‘ఫోవ్’. మనకు ఫావిజం అని అలవాటైంది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.) 1908 నాటికి ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు.

మనకు నమూనా మతీస్ ఆ వేసవిలో వేసిన ‘తెరిచిన కిటికీ’. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. మొదలుపెట్టే ముందు దాన్ని ఫోన్‌లో తెరిచి ఐదు నిమిషాలు తీరిగ్గా చూడండి. పెద్ద బొమ్మేం కాదు, సుమారు 55 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు. కిటికీకి ఎడమ పక్క గోడ నీలం కలిసిన ఆకుపచ్చ, కుడి పక్క గోడ గులాబీ. బయట నీళ్లు గులాబీ, వాటి మీద పడవలు నీలం, నారింజ ముక్కల్లాగా. గట్టు మీద పూలకుండీలు. జూమ్ చేస్తే కుంచె గీతల సందుల్లో తెల్ల కాన్వాస్ అక్కడక్కడ అలాగే వదిలేసి ఉంటుంది.

ఇలాంటి బొమ్మను చూసి చాలామంది ‘ఏ రంగు ఎక్కడైనా వేయొచ్చు’ అనుకుంటారు. పొరపాటంతా అక్కడే మొదలవుతుంది. వస్తువుకు అసలు ఏ రంగు ఉందన్నది మీరు పట్టించుకోకపోవచ్చు. కానీ ఆ చోటు వెలుగులో ఉందా, నీడలో ఉందా అన్నది మాత్రం పట్టించుకోవాలి. నీడలో ఉన్న గోడ నీలంగా ఉండొచ్చు, ఊదాగా ఉండొచ్చు, ముదురు ఆకుపచ్చగా ఉండొచ్చు, కానీ ఎండ పడిన గోడ కంటే ముదురుగానే ఉండాలి. ఫావ్‌లందరూ ప్రతి బొమ్మలోనూ దీన్ని తు.చ. తప్పకుండా పాటించారని కాదు. మొదటి నాలుగైదు బొమ్మల వరకు మాత్రం మీరు పాటించండి.

కావలసినవి

• ఆక్రిలిక్ రంగులు ఏడు ట్యూబులు: లెమన్ యెల్లో, ఆరెంజ్, వెర్మిలియన్ (నారింజ ఛాయ ఎరుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), విరిడియన్ గ్రీన్ (నీలం ఛాయ ముదురు ఆకుపచ్చ), టైటానియం వైట్. తెలుపు త్వరగా అయిపోతుంది, పెద్ద ట్యూబు కొనండి. ట్యూబు మీద ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంట్ (రంగు పొడి) బదులు అదే రంగు వచ్చే చవకది వాడారని అర్థం. నేర్చుకోవడానికి అది చాలు.
• 10×12 అంగుళాల కాన్వాస్ బోర్డు. షాపులో దొరికేవి ముందే తెల్ల ప్రైమర్ వేసి ఉంటాయి, మళ్లీ జెస్సో (ఆ తెల్ల పూత) పూయక్కర్లేదు.
• గట్టి వెంట్రుకల ఫ్లాట్ కుంచెలు రెండు, 6, 10 నంబర్లు. గుండ్రటి కుంచె ఒకటి, 4 నంబరు.
• నీళ్లకు రెండు గ్లాసులు, పాత నూలు గుడ్డ, పింగాణీ ప్లేటు, నీళ్లు చిలకరించే స్ప్రే సీసా.
• పోస్టుకార్డు సైజు కాగితాలు ఐదారు, ఒక పెన్సిల్, పిల్లల క్రేయాన్ల పెట్టె.

పన్నెండు రంగుల సెట్ ఇంట్లో ఉంటే కొత్తవి కొనకండి. అందులోంచి నలుపు, బ్రౌన్ ట్యూబులు తీసి కనపడకుండా దాచేయండి, అంతే.

ఖర్చు వద్దనుకుంటే ఆయిల్ పాస్టెల్స్‌తో కూడా ఇదంతా చేయొచ్చు. పద్ధతి ఒకటే, కాకపోతే తప్పు దిద్దడం కష్టం. పోస్టర్ కలర్‌తో ఒక ఇబ్బంది ఉంది: ఆరాక కూడా తడి తగిలితే కింద పొర కరిగి పైకి వస్తుంది, రంగు బురదవుతుంది. ఆయిల్ కలర్స్ వాడేవాళ్లు కిటికీలు తెరిచి పని చేయండి. ముఖ్యంగా, లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి పరిచి ఆరబెట్టాకే పారేయండి. ఏ రంగైనా సరే, కుంచెను నోట్లో పెట్టి మొన చేసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

1. కిటికీని ఎంచుకోండి

పొద్దున 8 లోపు గానీ సాయంత్రం 4 తర్వాత గానీ, ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకోండి. మిట్టమధ్యాహ్నం నీడలు ముడుచుకుపోతాయి. బయట సముద్రమే ఉండక్కర్లేదు. ఎదురింటి పిట్టగోడ, వాటర్ ట్యాంకు, కరెంటు తీగలు, తులసి కుండీ ఉన్నా చాలు. పెద్ద పెద్ద ముక్కలుగా కనిపించేవి ఆరేడు ఉంటే సరి. కిటికీకి గ్రిల్ ఉంటే డిజైనంతా వేయాలని చూడకండి. నాలుగు ఊచలు చాలు, లేదా అసలు వద్దు.

ఫొటో తీసుకోవచ్చు. కానీ రెండో స్టెప్ అయ్యాక ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. ఎదురుగా ఉంటే చెయ్యి దానంతట అదే ఫొటోలోని రంగునే కలుపుతుంది.

2. మూడు షేడ్ల చిత్తు బొమ్మ

పోస్టుకార్డు కాగితం మీద పెన్సిల్‌తో వేయండి. కళ్లు సగం మూసి కిటికీ వైపు చూస్తే వివరాలు చెరిగిపోయి మచ్చలు మిగులుతాయి. వాటిని మూడే షేడ్లుగా విడదీయండి: కాగితం తెలుపు, మామూలు బూడిద, ముదురు. నాలుగోది వద్దు. ఇలాంటివి కనీసం మూడు వేసి, దూరం నుంచి చూసినా కిటికీ అని తెలిసేదాన్ని ఉంచుకోండి. అందరూ ఎగ్గొట్టేది ఈ స్టెప్పే. నేనూ ఎగ్గొట్టేవాణ్ణి, దాని ఫలితం కింద చెప్తాను.

3. ప్రతి షేడ్‌కూ రంగు కేటాయించండి

ప్రతి రంగుకూ ట్యూబులోంచి వచ్చేటప్పుడే ఒక బరువు ఉంటుంది. లెమన్ యెల్లోను ఎంత మందంగా వేసినా ముదురు కాదు. అల్ట్రామెరైన్, క్రిమ్సన్, విరిడియన్ వేటికవే ముదురు. ఆరెంజ్, వెర్మిలియన్, లేత చిలకపచ్చ మధ్యలో ఉంటాయి. కాబట్టి:

వెలుగు చోట్లకు పసుపు, లేత గులాబీ, తెలుపెక్కువ కలిపిన ఆకుపచ్చ.
మధ్య చోట్లకు నారింజ, వెర్మిలియన్, ముదురు గులాబీ, చిలకపచ్చ.
ముదురు చోట్లకు నీలం, వంకాయ రంగు, విరిడియన్.

ఒక వరుసలోంచి ఏది తీసుకుంటారన్నది మీ ఇష్టం. పక్క వరుసలోకి మాత్రం దూకకండి.

తర్వాత ఒక జంటను ఎంచుకోండి: ఎరుపు–ఆకుపచ్చ, నారింజ–నీలం, పసుపు–ఊదా. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే జంటలివి. బొమ్మను నడిపేది ఒకే జంట కావాలి, మిగతావి చుట్టాలు. పైగా జంటలో రెండింటికీ సమాన వాటా ఇవ్వకూడదు. గద్వాల చీర గుర్తు తెచ్చుకోండి. బాడీ అంతా ఆకుపచ్చ, అంచు ఎరుపు. అంచు కూడా బాడీ అంత వెడల్పు ఉంటే చూడలేం. మతీస్ కిటికీలో కూడా నారింజ, ఎరుపు కొంచెమే ఉంటాయి. చుట్టూ అంత లేత గులాబీ, ఆకుపచ్చ పరిచాడు కాబట్టే ఆ కొంచెమూ మండుతున్నట్టు కనిపిస్తుంది.

క్రేయాన్లతో ఇంకో పోస్టుకార్డు మీద ఈ రంగుల్ని వేసి చూడండి. రెండు నిమిషాల పని. నచ్చకపోతే ఇంకోటి వేయండి.

4. బోర్డు మీద గీత

పెన్సిల్ వద్దు. అల్ట్రామెరైన్‌లో నీళ్లు ఎక్కువ కలిపి గుండ్రటి కుంచెతో నేరుగా గీయండి. వంకర వస్తే రానివ్వండి, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. నల్ల గీతలతో మొదలుపెడితే తర్వాత ప్రతి రంగూ ఆ గీతల మధ్య కలరింగ్ బుక్‌లో నింపినట్టు అయిపోతుంది. నీలం గీత అయితే చివర్లో అక్కడక్కడ మిగిలినా అందమే.

5. ముందు మచ్చలు పెట్టండి

ఏ చోటునూ పూర్తిగా నింపకండి. అనుకున్న ప్రతి రంగునూ కలిపి దాని చోట్లో రూపాయి బిళ్లంత మచ్చ పెట్టండి, అన్ని చోట్లా. ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. గోడకు అనుకున్న గులాబీ పక్కన కుండీ నారింజ వెలిసినట్టుందా? ఇప్పుడే మార్చేయండి. మొత్తం నింపాక మార్చాలంటే ప్రాణం ఒప్పుకోదు.

6. నింపడం

కుంచె నిండా రంగు తీసుకోండి, ఒక్క గీత వేయండి, కుంచె ఎత్తేయండి. వేసిన గీత మీద మళ్లీ కుంచె రాయకండి. ఈ ఒక్క అలవాటు వస్తే బొమ్మ సగం అయినట్టే. డెరైన్ కొలియూర్ బొమ్మలు చూస్తే తెలుస్తుంది: కొన్ని చోట్ల ఇటుకల్లా పొట్టి గీతలు విడివిడిగా, కొన్ని చోట్ల ఒకే రంగు బల్లపరుపుగా. మీరూ కనీసం ఈ రెండు రకాలూ వాడండి. ఆకాశానికి, నేలకు పొట్టి గీతలు, గోడలకు పరిచిన రంగు, లేదా అటుదిటు.

గీతకూ గీతకూ మధ్య ఆవగింజంత తెలుపు వదలండి. రెండు ముదురు రంగులు తడి మీద తడి తగిలితే రెండూ చస్తాయి. ఆ సన్నని తెలుపు వాటిని విడదీస్తుంది, పైగా వెలుతురు తెస్తుంది. ఖాళీగా ఉందని చివర్లో కూర్చుని ఆ సందులన్నీ పూడ్చేవాళ్లను చాలామందిని చూశాను. పూడ్చకండి.

కలపడానికి లెక్క: రెండు ట్యూబులు, ఆపైన అవసరమైతే తెలుపు. మూడో రంగు పడిందంటే బురద. వంకాయ రంగుకు అల్ట్రామెరైన్, క్రిమ్సన్ కలపండి. అల్ట్రామెరైన్‌లో వెర్మిలియన్ కలిపితే మాత్రం మట్టి రంగు వస్తుంది. చిలకపచ్చకు లెమన్ యెల్లోలో విరిడియన్ చిటికెడంటే చిటికెడే, అది తొందరగా మింగేస్తుంది. బాగా ముదురు కావాలంటే క్రిమ్సన్‌లో విరిడియన్ కలపండి, దాదాపు నలుపే వస్తుంది కానీ చచ్చిన నలుపు కాదు.

మన ఎండల్లో ఆక్రిలిక్ ప్లేటులోనే గట్టిపడిపోతుంది. ఫ్యాన్ ఆపండి, ఐదు నిమిషాలకోసారి ప్లేటు మీద నీళ్లు చిలకరించండి. లేదా స్టీలు పళ్లెంలో తడి టిష్యూ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, ఆ పైన రంగులు పెట్టుకోండి. గంటల తరబడి తడిగా ఉంటాయి. ఆక్రిలిక్ ఆరాక ఒక పిసరు ముదురుతుంది, కాబట్టి లేత రంగుల్ని ఇంకొంచెం లేతగానే కలపండి. లెమన్ యెల్లో పలచన, కింద గీత కనిపిస్తే ఆరాక రెండో పూత వేయండి.

7. నీడల పని

నీడ అంటే వెలుతురు లేకపోవడం అనుకుంటాం. డెరైన్ ఆ వేసవిలో కొలియూర్ నుంచి తన స్నేహితుడు వ్లామింక్‌కు రాసిన ఉత్తరంలో దీనికి అడ్డంగా చెప్పాడు: ఇక్కడి ఎండలో నీడలు కూడా వెలుగుతున్నాయని. మనకు దీని నుంచి దొరికే సూత్రం సులువే. నీడ కోసం ఉన్న రంగులోనే నలుపు కలపకండి, రంగునే మార్చేయండి. ఎండ పడిన చోటు వేడి రంగైతే, అంటే పసుపు, నారింజ, గులాబీల్లో ఏదైనా అయితే, నీడ చల్లటి రంగు: నీలం, ఊదా, నీలపచ్చ.

ఉదాహరణకు మట్టి కుండీ. ఎండ వైపు నారింజ. మధ్యలో వెర్మిలియన్. నీడ వైపు వంకాయ రంగు. గట్టు మీద పడే దాని నీడ అల్ట్రామెరైన్‌లో కాస్త తెలుపు. నాలుగే గీతలు, ఎక్కడా బ్రౌన్ లేదు. ముందు ఈ ఒక్క కుండీని విడి కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకోండి. గుండ్రంగా కనిపించిందంటే మిగతా బొమ్మంతా వచ్చేసినట్టే.

(‘మరి మతీస్ నలుపు వాడాడు కదా’ అని అడిగేవాళ్లుంటారు. వాడాడు. 1914లో అదే కొలియూర్‌లో కిటికీ తలుపుల బొమ్మ వేస్తూ మధ్య భాగమంతా నలుపుతో నింపేశాడు. అది తొమ్మిదేళ్ల తర్వాతి సంగతి. మనం ఇంకా 1905లోనే ఉన్నాం.)

8. ఫోన్ పరీక్ష

ఇప్పుడు పక్క గదిలోంచి ఫోన్ తెచ్చుకోండి. బొమ్మను ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. దాని పక్కన రెండో స్టెప్పులోని పెన్సిల్ చిత్తు పెట్టి చూడండి. రెండూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయా? బూడిద రంగులో కూడా కిటికీ కిటికీలా తెలుస్తోందా? తెలిస్తే పాసైనట్టే. ఫోన్ ఫిల్టర్లు ఎరుపును ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి, కాబట్టి ఎరుపు దగ్గర అనుమానం వస్తే కళ్లు సగం మూసి చూసి తేల్చుకోండి.

నేను మొదట వేసిన కిటికీ గురించి చెప్తానన్నాను కదా. ఎదురింటి ట్యాంకు ఎరుపు, ఆకాశం నారింజ, పిట్టగోడ మంచి ఆకుపచ్చ, కర్టెన్ ముదురు గులాబీ. అన్నీ ట్యూబులోంచి తీసినవి తీసినట్టే. నాకు మహా గొప్పగా అనిపించింది. మా అమ్మ చూసి “పెళ్లి షామియానాలా ఉందిరా” అంది. బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూస్తే నాలుగూ ఒకే బూడిద రంగు. ట్యాంకు ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బోర్డు పారేయలేదు. ఆకాశాన్ని లేత పసుపు చేశాను, ట్యాంకు మీద వంకాయ రంగు పరిచాను, పిట్టగోడ ఎండ వైపు తెలుపెక్కువ ఉన్న ఆకుపచ్చతో కప్పాను. కర్టెన్ ముట్టుకోలేదు. అరగంటలో అదే బొమ్మలో గాలి ఆడింది. ఆక్రిలిక్‌తో ఉన్న సుఖం ఇదే, ఆరాక పైన ఏదైనా వేయొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్ని రంగులూ అరవడం. బొమ్మలో మూడో వంతైనా లేత రంగులుండాలి, కంటికి కూర్చునే చోటు కావాలి.

దీనికి ఉల్టా తప్పు: భయపడి ప్రతి రంగులోనూ తెలుపు కలపడం. అప్పుడు బొమ్మంతా సుద్దముక్కలతో వేసినట్టు వస్తుంది. కనీసం మూడు చోట్ల ట్యూబు రంగు అలాగే పడాలి.

ఫ్లోరసెంట్ రంగులు. రేడియంలా మెరుస్తాయని కొంటారు. వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి, పైగా పక్క రంగుల్ని బతకనివ్వవు. వద్దు.

ఫొటోను యాప్‌లో పెట్టి శాచురేషన్ (రంగు గాఢత) పెంచి, దాన్ని చూసి వేయడం. అలా చేస్తే ఉన్న రంగే ముదురుతుంది, అంతే. నీడ అప్పుడూ నల్లగానే ఉంటుంది.

చిన్న కుంచె. వేళ్లతో పట్టుకుని పూసలు గుచ్చినట్టు వేస్తే ఇది రాదు. 10 నంబరుతో మొదలుపెట్టి, కుంచెను చివర పట్టుకుని, నిలబడి వేయండి.

కిటికీ వద్దు, మొహం కావాలంటే

పద్ధతి ఇదే, ఓపిక ఎక్కువ కావాలి. మతీస్ 1905లోనే తన భార్య అమేలీ బొమ్మ వేశాడు, ‘ఆకుపచ్చ గీత’ అంటారు, కోపెన్‌హాగెన్‌లోని స్టాటెన్స్ మ్యూజియంలో ఉంది. నుదుటి నుంచి కిందికి మొహం మధ్యలో ఆకుపచ్చ పట్టీ. దానికి ఒక పక్క మొహం పసుపు ఛాయ, ఇంకో పక్క గులాబీ. ఆ పట్టీ ఊరికే వేసింది కాదు, వెలుగు ఆగి నీడ మొదలయ్యే చోట వేసింది. మీరు వేసేటప్పుడు కూడా మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆ మలుపు ఎక్కడుందో ముందు వెతకండి. మొహం ఆకుపచ్చగా ఉందేంటని ఇంట్లోవాళ్లు అడిగితే టెన్షన్ పడకండి. నీలం కృష్ణుణ్ణి, సింధూరం హనుమంతుణ్ణి చూస్తూ పెరిగినవాళ్లం, పారిస్ జనం హడలినంతగా మనం హడలక్కర్లేదు.

ఎప్పుడు ఆపాలి?

ఫోన్ పరీక్ష పాసయ్యాక బొమ్మను రెండు రోజులు గోడ వైపు తిప్పి పెట్టండి. మూడో రోజు తలకిందులుగా పెట్టి చూడండి. కన్ను ఒకేచోట ఇరుక్కుపోతుంటే ఆ చోటు పక్కన లేత గీతలు రెండు మూడు వేయండి. అంతకు మించి ముట్టుకోవద్దు. సంతకానికి నల్ల పెన్ను కూడా తీయకండి, గుండ్రటి కుంచెతో కాస్త అల్ట్రామెరైన్ తీసుకుని ఓ మూల పేరు రాసేయండి.